జమీందారీ హాలు సీలింగు పదడుగుల ఫ్లాటులోకి దిగితే ఏమవుతుంది?

క్లుప్తంగా

యూరప్ రాజమహళ్లలో సీలింగు అలంకారం వెనక గట్టి అవసరాలున్నాయి: బరువు మోసే చెక్కను దాచడం, ఏ గదికి ఎంత హోదా ఉందో చెప్పడం, పక్క నుంచి వచ్చే కాస్త వెలుతురును పట్టి నిలపడం. నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఇప్పుడు చేయిస్తున్న ప్యాలెస్ మోడల్ ఫాల్స్ సీలింగుల్లోకి ఆ నమూనా వస్తోంది గానీ ఆ ఎత్తు, ఆ వెలుతురు, ఆ సున్నం రావడం లేదు. మన జమీందారీ మిద్దెల్లో సీలింగు తీరే వేరు, దానికీ గట్టి కారణాలున్నాయి. వీటిని కలిపి చూస్తే ఏ డిజైన్ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ డబ్బు దండగో చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఫ్లాటు కొన్నవాళ్లయినా, ఒంగోలులో సొంత స్థలంలో డూప్లెక్స్ కట్టుకుంటున్నవాళ్లయినా, కరెంటు పైపులు లాగే రోజులకల్లా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతారు. సీలింగు ఏ మోడల్? పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) మేస్త్రి ఫోన్ తీసి వరసగా ఫొటోలు చూపిస్తాడు. మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ బంగారు రంగు లతలు, అంచున మెట్లు మెట్లుగా దిగే కార్నిస్, దాని వెనక దాచిన లైటు. పేరు ప్యాలెస్ మోడల్. రేటు చదరపు అడుగుల్లో చెబుతారు, కార్నిస్‌కు మాత్రం రన్నింగ్ ఫీటు లెక్క. ఆ గది ఏ దేశంలోది, దాని ఎత్తెంత, కిటికీలు ఎటున్నాయి అన్నది ఫొటో చెప్పదు, అడిగేవాళ్లూ తక్కువే.

పని పూర్తయ్యాక రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఫొటోలో ఉన్నట్టే చేశారు గానీ ఆ కళ రాలేదు, గది మీదికి దిగినట్టుంది అని కొందరంటారు. ఇదంతా విదేశీ మోజు, మన పాత జమీందార్ల ఇళ్లలో ఇలాంటివి ఎక్కడున్నాయి అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, రెండూ సగంలో ఆగిపోయాయి కూడా. చాలాసార్లు నింద మేస్త్రి మీద పడుతుంది, అది అన్యాయం. ఇరవై అడుగుల ఎత్తు కోసం పుట్టిన నమూనాను తొమ్మిదడుగులకు దించితే ఎంత పనితనం ఉన్న చేతి కిందా అది అలాగే వస్తుంది.

దూలాలను దాచడంతో మొదలైంది

ఏ పైకప్పుకైనా మొదటి సమస్య బరువు. ఇనుప కమ్మీలు, కాంక్రీటు లేని రోజుల్లో దూలం ఎంత పొడవు దొరికితే గది అంత వెడల్పు. దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద పలకలు. కింద నుంచి చూస్తే అది గళ్లు గళ్లుగా కనబడుతుంది. ఇటలీ ప్రభువుల భవనాల్లో 15, 16 శతాబ్దాల్లో ఈ గళ్లనే చెక్కి, రంగులు వేసి, బంగారు రేకు అద్దారు. కొంతకాలానికి కనిపించే గళ్లకూ బరువు మోసే చెక్కకూ సంబంధమే తెగిపోయింది. అసలు చెక్క పైన చీకట్లో ఉంటుంది, కింద కనిపించే అందమైన చట్రం దానికి వేలాడుతూ ఉంటుంది. ఫ్లోరెన్స్‌లోని పలాజో వెక్కియో పెద్ద హాలుకు 1560లలో జార్జో వసారి బృందం చేసిన సీలింగు అలాంటిదే. అందులో 39 చిత్రాల పలకలున్నాయి, నట్టనడుమ ఉన్నది ఆ హాలు యజమాని డ్యూక్ కోసిమో మెదీచి. ఫాల్స్ సీలింగు అంటే అపార్ట్‌మెంట్ల కాలపు ఆలోచన అనుకుంటాం గానీ, దాని పుట్టుక ప్రభువుల ఇళ్లలోనే.

ఇంకో దారి చిత్రకారులది. ఇటలీలోనే మాంటువా ప్రభువు లుడోవికో గొంజాగా గదిలో ఆండ్రియా మాంటెన్యా 1474లో పూర్తి చేసిన సీలింగు మధ్యలో ఒక గుండ్రని కంత కనిపిస్తుంది. అందులోంచి నీలాకాశం, పిట్టగోడ మీదుగా తొంగిచూసే ఆడవాళ్లు, పసిపిల్లలు. నిజానికి అక్కడ కంతేమీ లేదు, అంతా రంగు. గది మధ్యలో నిలబడి తలెత్తిన మనిషికి పైనున్న ఒళ్లు ఎంత కురచగా కనిపించాలో లెక్కగట్టి వేసిన బొమ్మ అది. ఒక చోటు నుంచి చూస్తేనే ఆ మాయ పూర్తిగా పనిచేస్తుంది, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఆ పై రెండు వందల ఏళ్లు సీలింగు కుటుంబ చరిత్ర చెప్పుకునే చోటయింది. రోములో బార్బెరీని కుటుంబ భవనానికి పియెత్రో దా కోర్తోనా వేసి 1639లో ముగించిన సీలింగులో ఆకాశం మధ్య పెద్ద పెద్ద తేనెటీగలు ఎగురుతుంటాయి. తేనెటీగలు ఆ కుటుంబ చిహ్నం, ఆ ఇంటి మనిషే అప్పటి పోప్ ఎనిమిదో అర్బన్. వెనిస్‌లో రెజోనికో కుటుంబం 1758లో తమ ఇంటి పెళ్లి సందర్భంగా తియెపోలో చేత సీలింగు వేయించింది, సూర్యుడి రథం మీద కొత్త దంపతులు వస్తుంటారు. శుభలేఖలో రాయాల్సింది ఇంటి కప్పు మీద రాయించారన్నమాట, అదీ చెరిగిపోకుండా.

బొమ్మలే లేకపోయినా ఎత్తు ఒక్కటే హోదాను చెప్పగలదు. ఇంగ్లండులో 1590లలో కట్టిన హార్డ్‌విక్ హాల్‌లో కింది అంతస్తు పనివాళ్లది, దాని పైది కుటుంబానిది, అన్నిటికన్నా పైది రాచ అతిథులది. అంతస్తు ఎక్కేకొద్దీ సీలింగు ఎత్తు పెరుగుతుంది. బయట నుంచి చూసినా కిటికీల పొడవును బట్టి ఈ వరస తెలిసిపోతుంది. ఇంటికి వచ్చిన మనిషి ఎంత లోపలిదాకా, ఎంత పైదాకా రాగలిగాడన్నది అతని గౌరవానికి కొలత, ఆ కొలతను గదులే చూపించాయి. ఇప్పటి ఫ్లాటులో హాలు, పిల్లల గది, వంటిల్లు అన్నింటికీ ఒకే స్లాబు, ఒకే ఎత్తు. అందుకే అన్ని గదుల్లోనూ ఒకే ధాటిగా పువ్వులు పోయించినప్పుడు కన్ను దేని మీదా నిలవదు. హాలుకు మాత్రమే చేయించి మిగతావి నున్నగా వదిలేసిన ఇళ్లు బాగుండటానికి సగం కారణం ఇదే.

చేతి చెక్కుడు పోయి అచ్చు వచ్చింది

మేస్త్రి ఫోన్‌లో ఉండే డిజైన్లకు అసలు తాత ఇటలీ బొమ్మల సీలింగు కాదు, 18వ శతాబ్దపు ఇంగ్లండు. అక్కడ 1760ల నుంచి రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి పద్ధతే మార్చేశాడు. పైకి పొడుచుకొచ్చే బరువైన ముద్దల బదులు పల్చటి లతలు, వలయాలు, విసనకర్ర ఆకారాలు, వాటి వెనక లేత ఆకుపచ్చ, గులాబీ రంగులు. లండన్ దగ్గరి ఆస్టర్లీ పార్క్ లాంటి ఇళ్లలో కింద తివాచీ కూడా పైన సీలింగుకు జోడీగా నేయించారు. జోసెఫ్ రోజ్ లాంటి ప్లాస్టర్ పనివాళ్లు ఒకసారి అచ్చు తయారుచేసి అదే పువ్వును, అదే ఆకును ఎన్నిసార్లయినా పోతపోయగలిగారు. మధ్యలో ఉండే చిన్న చిన్న వర్ణచిత్రాలను కూడా చాలాచోట్ల కాగితం మీదో బట్ట మీదో వేసి తర్వాత అతికించేవారు. ఒక్కొక్క అంగుళం చెక్కాల్సిన పని ముక్కలు తెచ్చి కూర్చే పనిగా మారింది.

1856లో లండన్‌లో డెసాషీ అనే ఫ్రెంచి మోడలర్ తీసుకున్న పేటెంటు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో గోనెలాంటి పల్చని బట్ట, సన్నటి చెక్క బద్దలు కలిపి పెద్ద పెద్ద పలకలు పోతపోసి, ఆరాక తీసుకెళ్లి బిగించే పద్ధతి అది. ఈరోజు మన ఊళ్లలో కొబ్బరి పీచు కలిపి అచ్చుల్లో పోసే పీఓపీ కార్నిస్‌లు, పువ్వులు ఈ పద్ధతికి దగ్గరి చుట్టాలే. కాబట్టి రాజుల నాటి పనిని ఇప్పుడు చౌకగా నకలు చేస్తున్నారు అనే ఫిర్యాదులో పెద్ద పస లేదు. ఆ రోజుల్లోనే ప్రభువుల ఇళ్లలో సగం పని అచ్చుపోతే.

మన దేశంలోకి ఈ పంథా రావడానికి ఒక దారి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆడమ్ పనిచేసిన డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ నమూనా మీదే గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో గవర్నమెంట్ హౌస్ కట్టించాడు, 1803కి పూర్తయింది. మద్రాసులో ఇప్పటి రాజాజీ హాల్ కూడా ఆ ఏళ్లలోనే లేచింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కోర్టు పనులకు, రెవెన్యూ పనులకు, దర్బార్లకు మద్రాసు వెళ్లొచ్చే జమీందార్లు చూసిన పెద్ద హాళ్లు ఇవే.

మరి మన వైపు మిద్దెల్లో ఏముండేది

1802లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత శిస్తు ఒప్పందాలు రాసుకున్నప్పుడు వెంకటగిరి లాంటి సంస్థానాలు పెద్ద జమీందారీలుగా స్థిరపడ్డాయి. వెంకటగిరి చాలాకాలం నెల్లూరు జిల్లాలోనే ఉంది, 2022 ఏప్రిల్ పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ప్రకాశం వైపు లెక్క ఇంకాస్త చిక్కు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసిన జిల్లా అది, కప్పులు కూడా ఆ మూడు తీరుల్లోనూ ఉంటాయి. కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు వైపు రాతి బండల మిద్దెలు, చవుడు మట్టి మిద్దెలు. రాయి కింద నుంచి సాగే ఒత్తిడికి తట్టుకోలేదు, పొడుగు బండ మధ్యలో పగులుతుంది. అందుకని దూలాలు దగ్గర దగ్గరగా వేయాలి. సీలింగు అంటే అక్కడ వరస దూలాలు, వాటి మధ్య బండల అడుగు భాగం, అంతే.

కోస్తా వైపు డబ్బున్నవాళ్ల ఇళ్లకు మద్రాసు మిద్దె. టేకు దంతెలు అడుగు, అడుగున్నర దూరంలో వేసి, వాటి మీద పల్చటి చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో కూర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు పోసి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క బాదుడు కొయ్యలతో రోజుల తరబడి కొట్టేవారు. పైన చదును పెంకులు. ఒకసారి గట్టిపడితే ఆ మందమే ఎండను ఆలస్యంగా లోపలికి పంపేది. టేకు ఎక్కువగా బర్మాది, 1826 తర్వాత మౌల్మెయిన్ రేవు ఇంగ్లీషువాళ్ల చేతికి రావడంతో ఈ తీరానికి దాని రాక పెరిగింది. సున్నానికి పులికాట్ సరస్సు గుల్ల ఉండనే ఉంది.

ఈ మిద్దె లోపలి వైపు చూస్తే అలంకారం అంతా ఎక్కడుంటుంది? స్తంభం మీది బోదెల్లో, దూలం అంచు చెక్కుడులో, ఉయ్యాల బల్ల గొలుసులు తగిలించే ఇత్తడి కొక్కేల్లో, లస్తర్లు (గాజు దీపాల గుత్తులు) వేలాడే చోట. దంతెల మధ్య ఉన్న భాగం ఉత్త సున్నం తెలుపు. ఇంత డబ్బుండీ సీలింగును ఎందుకు వదిలేశారన్నది మంచి ప్రశ్న, పేదరికమో అభిరుచి లేకపోవడమో జవాబు అయ్యే వీలు లేదు. మన వాళ్లకు కప్పు మీద బొమ్మలు వేయడం తెలియక కాదు, లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. నెల్లూరు రంగనాయకుల గుడిలో అద్దాల మండపమూ ఉంది. గుడిలో పెట్టిన శ్రద్ధ ఇంట్లో పెట్టకపోవడానికి ఒక బలమైన కారణం ఏటేటా వేసే సున్నం అనుకోవచ్చు. పండక్కి ఇల్లంతా వెల్ల వేసే చోట, చెమ్మ గాలికి పురుగు, బూజు పట్టకుండా ఆ వెల్లే కాపాడే చోట, కప్పు మీద శాశ్వత చిత్రం నిలవదు.

దానికి బదులు తీసి పెట్టుకోగల అలంకారం ఉండేది. పెళ్లికో, వ్రతానికో, పెద్దవాళ్లు వచ్చినప్పుడో కప్పు కింద మేలుకట్టు కట్టేవారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుళ్లకు వేసిన బట్టల్లో ఇలాంటి చాందినీలకు పెద్ద పేరు. నాలుగు మూలలా తాళ్లు, మధ్యలో పద్మం, అంచున లత, కింద కూర్చున్నవాళ్లకు అదే సీలింగు. మర్నాడు విప్పి పెట్టెలో పెడతారు. యూరప్ ప్రభువుది ఒకేసారి వేయించి తరతరాలకు వదిలే సీలింగు, మన వైపుది సందర్భానికి కట్టి విప్పే సీలింగు. చెమ్మ, చెదలు, వెల్ల ఉన్న ఈ తీరానికి రెండోదే తెలివైన ఏర్పాటు, దాన్ని తక్కువ రకం అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఇంగ్లీషు దొరల బంగళాల్లో కూడా చాలాచోట్ల పెంకు, తాటి కప్పుల కింద తెల్ల బట్ట బిగించేవారు, దుమ్ము, పురుగు, అప్పుడప్పుడు పాము మీద పడకుండా. వాళ్లూ ఇక్కడికొచ్చాక ఈ దారికే వచ్చారు.

వెలుతురు ఎటు నుంచి వస్తోంది

ఫొటోలోని సీలింగుకూ ఇంట్లోని సీలింగుకూ అసలు తేడా ఇక్కడే ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడనిది కూడా ఇదే.

సీలింగు మీది పువ్వు కనబడాలంటే దాని నీడ కనబడాలి. తెల్లటి పువ్వు, తెల్లటి నేపథ్యం, మధ్యలో గీత గీసేది నీడ ఒక్కటే. పాత భవనాల్లో వెలుతురు పొడవాటి కిటికీల నుంచి పక్కగా వచ్చేది. బయట నేల మీద, వెనిస్ లాంటి చోట కాలువ నీళ్ల మీద పడ్డ ఎండ పైకి ఎగసి కిటికీలోంచి ఏటవాలుగా సీలింగును రాసుకుంటూ పోతుంది. అర అంగుళం ఎత్తున్న ఆకు కూడా ఆ వెలుతురులో లేచి నిలబడుతుంది. రాత్రి కొవ్వొత్తులు సీలింగు కన్నా చాలా కింద వెలుగుతాయి, వాటి పసుపు వెలుతురు పైకి పోయి బంగారు రేకు మీద మెరుస్తుంది. ఫ్రాన్స్‌లో వెర్సాయి రాజభవనం అద్దాల హాలు 1684లో పూర్తయినప్పుడు అంత గాజు, అంత పూత పెట్టడానికి ఇది కూడా కారణం: కొద్దిపాటి మంటను ఎన్నో రెట్లు చేయడం.

పైగా సూర్యుడు ఒకేలా ఉండడు. లండన్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ గది లోపలి దాకా వచ్చి నేల మీద పరుచుకుంటుంది. అదే రోజు నెల్లూరులో 52 డిగ్రీలు. ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు మధ్యలోనూ ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. మన పాత ఇళ్లు ఆ ఎండను లోపలికి రానివ్వకుండా వసారాలు, చూరులు దించి కట్టుకున్నవి. సీలింగుకు చేరే వెలుతురు మండువా నేల మీద పడి, వసారా దాటి, అలసిపోయి వచ్చే వెలుతురు. ఆ మసకలో పల్చటి ప్లాస్టర్ పువ్వు కనిపించదు, ముదురు రంగు దూలానికీ సున్నపు తెలుపుకూ ఉన్న తేడా మాత్రం బాగా కనిపిస్తుంది. మిద్దె సీలింగు గీతల అందం ఆ వెలుతురుకు తగ్గది.

ఇప్పుడు ఫ్లాటు చూడండి. గుండ్రటి డౌన్‌లైట్లు సీలింగులోనే గుచ్చి కిందికి చూస్తుంటాయి, నేల మెరుస్తుంది, సీలింగు చీకటిగా ఉండిపోతుంది. డబ్బు పెట్టిన పువ్వు ఆ చీకట్లోనే ఉంది. కోవ్ లైటు (కార్నిస్ వెనక దాచే లైటు) పెడితే అంచు దాకా వెలుతురు చారిక వస్తుంది, మధ్యకు చేరేసరికి పోతుంది. బంగారు రంగు పెయింటు తెల్లటి ఎల్ఈడీ కింద బురద రంగుకు తిరుగుతుంది. దీనికి మందు డిజైన్ మార్చడం కన్నా ముందు లైటు మార్చడం: గోడకు కొట్టి పైకి వెలుతురు చిమ్మే దీపాలు, పసుపు ఛాయ బల్బులు. ఇవి పెట్టాక కూడా పువ్వు కావాలనిపిస్తే అప్పుడు పువ్వు.

ఎత్తు, ఫ్యాను

జాతీయ భవన నియమావళి ప్రకారం నివాస గదికి కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగుల పైచిలుకు. ఏసీ గదికి 2.4 మీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మామూలు అపార్ట్‌మెంటులో నేల నుంచి స్లాబు దాకా తొమ్మిదిన్నర అడుగులు ఉందనుకుందాం. ఫాల్స్ సీలింగుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పోతాయి, మెట్ల మోడల్ అయితే అంచుల్లో ఇంకో నాలుగు. నిలబడ్డ మనిషి కంటికి ఆ సీలింగు నాలుగడుగుల పైన ఉంటుంది. ఇరవై అడుగుల హాలులో అయితే పదిహేను అడుగుల పైన. అడుగు వెడల్పున్న పువ్వు దగ్గరి సీలింగు మీద మూడింతలకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది. దూరానికి ఆనాలని లోతుగా, బండగా చేసిన ముద్ద దగ్గరకొచ్చి కూర్చుంటే గది మీద పడుతున్నట్టుండదా మరి.

మాంటెన్యా కంత సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. త్రీడీ ఆకాశం స్టిక్కర్లు, బోర్లించిన గిన్నె ఆకారపు డోములు ఒక చోటు నుంచి, దాదాపు నిటారుగా తలెత్తితేనే నిజంలా కనబడతాయి. మన హాల్లో మనిషి సోఫాలో గోడకు ఆనుకుని ఉంటాడు, సీలింగును పక్కవాటుగా చూస్తాడు. అక్కడి నుంచి డోము సగం తరిగిన ముక్కలా ఉంటుంది. మంచం మీద పడుకున్నప్పుడు మాత్రం సరిగ్గా కనబడుతుంది, పెట్టాలనుకుంటే పడకగదిలో నయం.

తక్కువ ఎత్తు అంటే అలంకారం వద్దని కాదు. కన్యాకుమారి జిల్లా పద్మనాభపురం రాజభవనంలో ముఖమంటపం చెక్క సీలింగు ఎత్తు తక్కువే, కానీ దాని మీద 90 రకాల పువ్వులు చెక్కారు, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. చెక్కుడు సన్నం, రంగు ఒక్కటే. దగ్గరగా చూసేదానికి సన్నటి పని అన్న ఒకే ఒక్క సూత్రం అక్కడ పనిచేసింది. తొమ్మిదడుగుల ఫ్లాటుకు పనికొచ్చే రాజభవనం నమూనా వెతకాలంటే వెర్సాయి కన్నా పద్మనాభపురమే దగ్గర.

ఇక ఫ్యాను. యూరప్ సీలింగు డిజైన్లకు నడుమ ఉండేది లస్తరు. మన జమీందారీ హాళ్లలో పంఖా ఉండేది, తాడు లాగితే ఊగే పొడవాటి బట్ట చట్రం. ఇప్పుడు ఆ నడుమ ఫ్యాను తప్పదు, మే నెలలో నెల్లూరులో ఫ్యాను లేని హాలు ఎవరు ఊహిస్తారు? ఫ్యాను రెక్కల పైన డౌన్‌లైట్లు పడితే తిరిగే నీడ గదంతా అదురుతూ ఉంటుంది, చదువుకునే పిల్లలకు తలనొప్పి. రెక్కలకూ సీలింగుకూ మధ్య కనీసం అడుగు జాగా లేకపోతే గాలీ సరిగ్గా రాదు. నడుమ పువ్వు, దాని మీద ఫ్యాను కప్పు, చుట్టూ లైట్లు అనే ఏర్పాటు ఈ మూడింటినీ చెడగొడుతుంది. లైట్లను రెక్కల చుట్టుకొలత బయటికి జరిపితే సగం సమస్య పోతుంది, ఖర్చు కూడా పెరగదు.

ఫాల్స్ సీలింగు చేయించడానికి ఇంకో కారణం వాస్తు. దూలం కింద పడుకోకూడదన్న నమ్మకం మన వైపు గట్టిగా ఉంది, కాంక్రీటు బీము పడక మీదుగా వస్తే దాన్ని కప్పేయమంటారు. పాత మిద్దెలో అందరూ దూలాల కిందే పడుకున్నారు గానీ, అక్కడ దూలాలు వరసగా ఉంటాయి, ఒక్కటే మీదికి దిగినట్టు ఉండదు. ఒంటరి బీము కంటికి భారంగా ఉంటుందన్నది నిజమే.

సున్నం, జిప్సం ఒకటి కావు

పీఓపీ, జిప్సం బోర్డు రెండింటిలోనూ మూలవస్తువు ఒకటే. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అందులోని నీటిలో ముప్పాతిక వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మిగులుతుంది. నీళ్లు కలపగానే పోయిన నీటిని మళ్లీ పట్టుకుని నిమిషాల్లో గట్టిపడుతుంది. అచ్చుపోతకు ఇంత అనువుగా ఉండటానికి కారణం అదే. సున్నం దారి వేరు. గుల్లను తొమ్మిది వందల డిగ్రీల దాకా కాల్చి, నీళ్లు పోసి విరిచి, గానుగలో నూరి వేస్తే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలు, ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. చెమ్మ వస్తే పీల్చి, ఎండకు వదిలేస్తుంది.

జిప్సం గట్టిపడ్డా నీళ్లలో కొద్దిగా కరుగుతూనే ఉంటుంది, లీటరుకు సుమారు రెండు గ్రాములు. ఈ అంకె చిన్నది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో తడిసే ఈ తీరంలో మాత్రం దాని ప్రభావం చిన్నది కాదు. పై అంతస్తు స్లాబు కారితే, ఏసీ డ్రెయిన్ పైపు వదులైతే నీళ్లు బోర్డు మీద నిలుస్తాయి, మొదట పసుపు మరక, తర్వాత పొట్ట దిగడం, చివరికి ఊడిపడటం. 2021 నవంబరు వర్షాల్లాంటివి వచ్చినప్పుడు ఇలాంటి ఇబ్బంది ఎంత త్వరగా ముంచుకొస్తుందో చెప్పనక్కర్లేదు. స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించకుండా కింద పువ్వులు పోయించడం తలకిందుల పని. తడి తగిలే చోట తేమను తట్టుకునే రకం బోర్డు, బాల్కనీలో, స్నానాల గదిలో పీవీసీ పలకలు వాడటం మంచిది, అందం కాస్త తగ్గినా సరే.

జిప్సంకు ఒక మంచి గుణం కూడా ఉంది. మంట తగిలినప్పుడు దానిలో ఇమిడిన నీరు ఆవిరై పోయేదాకా దాని వేడి పెద్దగా పెరగదు. పీవీసీకి ఆ గుణం లేదు. బరువైన షాండ్లియర్ మాత్రం బోర్డుకు తగిలించకూడదు, స్లాబులో వేసిన హుక్కుకే తగిలించాలి. పాత హాళ్లలోనూ లస్తరు గొలుసు అలంకారపు ప్లాస్టర్‌కు కాదు, దాని పైనున్న దూలానికే ఉండేది.

పాత మిద్దెల మీద సిమెంటు, జిప్సం ప్రభావం

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీల ఆదాయం ఆగింది. ఏటా వెల్ల, కొన్నేళ్లకోసారి పైన గచ్చు మరమ్మతు అడిగే మిద్దెకు ఇది పెద్ద దెబ్బ. పంచుకున్న ఇళ్లు, తాళం పడ్డ ఇళ్లు, టేకు కోసం విప్పేసిన ఇళ్లు పెరిగాయి. మిగిలిన వాటిలో కారుతున్న చోట సిమెంటు పూయడం మామూలైంది. సిమెంటు చెమ్మను బయటికి వదలదు. పైన సిమెంటు పొర, మధ్యలో తడిసిన సున్నం, కింద టేకు దంతె, ఈ వరసలో నీటికి దారి దొరికేది చెక్కలోకే. దంతె కొన గోడలోకి దూరే చోట, కంటికి కనిపించని చోట ముందు కుళ్లుతుంది, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. చేయించాల్సింది సున్నపు మరమ్మతే. గానుగ సున్నం కలిపి బాదే చేతులు తగ్గిపోయాయి, ఖర్చు ఎక్కువ, నిజమే, కానీ ఆ ఖర్చు దంతెలు మార్చే ఖర్చు ముందు చాలా తక్కువ.

ఇప్పుడు ఇంకో పద్ధతి మొదలైంది. పాత మిద్దె కొన్నవాళ్లో, పెద్దల ఇల్లు బాగుచేయించుకునేవాళ్లో నల్లబడ్డ దంతెలు బాగోలేదని వాటి కింద జిప్సం సీలింగు బిగించేస్తున్నారు. పని చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ చెక్కకు గాలి ఆగిపోతుంది, పైన కారే నీరు కనబడదు, చెదల మట్టి గూళ్లు కనబడవు, దంతె వంగినా తెలియదు. మద్రాసు మిద్దె బరువు బాగా ఎక్కువ, అది దిగితే బోర్డు ఆపలేదు. మిద్దె కింద ఫాల్స్ సీలింగు తప్పదనుకుంటే ముందు ప్రతి దంతె కొననూ గోడ దగ్గర గుచ్చి చూడాలి, మెత్తగా దిగితే ఆ దంతె పోయినట్టే. తర్వాత సీలింగులో మనిషి తల పట్టేంత తలుపు గదికి ఒకటి చొప్పున, గాలి ఆడే జాలీలు అంచుల్లో పెట్టించాలి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఆ తలుపు తీసి టార్చి వేసి చూడాలి. అంత ఓపిక లేనివాళ్లు దంతెలకు నూనె రాయించి, మధ్య భాగానికి వెల్ల వేయించి అలాగే వదిలేయడం మేలు.